ఆకలిని కొలుచుట ఎట్లు?

వానను కొలుచుటకు మనకు సాధనము కలదు. మండల కేంద్రమునందలి వర్షమాపకము నిన్న ఎన్ని మిల్లీమీటర్లు కురిసినదో నేటి ఉదయమునకే చెప్పును. చెరువులో నీరెన్ని అడుగులున్నదో, మార్కెట్టు యార్డునకు ఎన్ని బస్తాల ధాన్యము వచ్చినదో, సంతలో కందిపప్పు ధర ఎంత పెరిగినదో, అన్నియు లెక్కల కెక్కుచున్నవి. కాని నిన్న రాత్రి మన ఊరిలో ఎన్ని యిండ్లవారు పస్తు పండుకొనిరని అడిగినచో ఏ కార్యాలయపు పుస్తకమును సమాధానము చెప్పజాలదు. ఆ సంగతి పొరుగింటివారికి కొంత తెలియును. అంగన్‌వాడీ కార్యకర్తకు కొంత తెలియును. అరువిచ్చు దుకాణదారునకు మరికొంత తెలియును. పూర్తిగా ఎవ్వరికిని తెలియదు. తెలియని బాధకు చికిత్స చేయుట ఎట్లు? ఒక ప్రాంతమున ఆహారపు కొరత ఎవరి యింట, ఏ మాసమున, ఎంత తీవ్రముగా నున్నదో కొలిచి, ఆ కొలతలను పటముపై నుంచి, దానిని బట్టి పనికి పూనుకొనుట ఎట్లో ఈ ప్రసంగమున ఆలోచింతము.

మొదట మనము కొలువదలచినది ఏమి? అది ఆకలి మాత్రమే కాదు. నేడు కడుపునిండ తిన్నవాడును రేపటి కూటికై భయపడుచుండినచో అతనికి ఆహార భద్రత లేదనియే చెప్పవలెను. ఈ భద్రతకు నాలుగు ఆధారములను శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆహారము ఊరిలో లభించవలెను, లభించిన దానిని కొనుటకు గాని పండించుకొనుటకు గాని శక్తి యుండవలెను, తిన్నది ఒంటబట్టవలెను, ఈ మూడును ఏడాది పొడుగున నిలువవలెను. దుకాణములో బియ్యపు బస్తాలు పేర్చియున్నను చేతిలో కాసు లేనివాని కవి లేనట్లే. కలుషితమైన నీరు త్రాగి మాటిమాటికి విరేచనములకు గురియగు బిడ్డకు ఎంత పెట్టినను బలము రాదు. కోతల కాలమున రెండుపూటల తిని, ఆషాఢ శ్రావణములందు కూలి దొరకక గంజితో గడపు కుటుంబమును సంక్రాంతినాడు చూచి సుఖముగా నున్నదనుకొనుట పొరపాటు. కనుక ఒక్క ప్రశ్నతో, ఒక్క దినమున, ఒక్క అంకెతో ఈ కొలత ముగియదు.

ఆకలి రుచి యెరుగదని పెద్దలందురు. సగటు ఆకలి నెరుగదని మనము చేర్చుకొనవచ్చును. పది యిండ్ల వీధి నొకదానిని తలచుకొందము. ఎనిమిది యిండ్లకు నెలకు 48 కిలోల చొప్పునను, తక్కిన రెండిండ్లకు 8 కిలోల చొప్పునను బియ్యమున్నవనుకొందము. మొత్తము 400 కిలోలు. సగటు ఇంటికి 40 కిలోలు. కాగితముపై ఈ వీధి సుభిక్షముగా నున్నది. ఆ రెండిండ్లు మాత్రము కాగితములో లేవు. వీధికి వచ్చిన ఈ లోపమే జిల్లాకును, రాష్ట్రమునకును వచ్చును. 2019-21 సంవత్సరములందు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము, వయస్సునకు తగిన ఎత్తు లేని అయిదేండ్లలోపు పిల్లలు దేశమున నూటికి 35.5 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 మంది, తెలంగాణలో 33.1 మంది. అంకెలు విలువగలవే. ప్రభుత్వములు ప్రణాళికలు వేయుటకు ఇవి కావలెను. కాని ఆ పరిశీలన జిల్లావరకే దిగును. జిల్లాలోని ఏ మండలమున, మండలములోని ఏ తండాలో ఆ పిల్లలున్నారో ఈ అంకెలు చెప్పవు. అన్నము పెట్టవలసినది జిల్లాకు కాదు గదా, బిడ్డకు.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన క్షామమును రాయలసీమ వృద్ధులు ధాత కరువని చెప్పుకొనుచు వచ్చిరి. 1871 నాటి జనాభా లెక్కకును 1881 నాటి లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గిపోయెను. ఆనాడు కొలతపై ఒక గొప్ప వివాదము జరిగినది. 1877లో సర్ రిచర్డు టెంపుల్, కరువు పనులలో కష్టపడు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. పౌనన్నది మన లెక్కలో 450 గ్రాములు. మద్రాసు రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్, ఆ కూలితో రాళ్లు మోయు మనిషి క్షీణించి చచ్చునని ఎదిరించి, ధాన్యము ఒకటిన్నర పౌనైనను ఉండవలెననియు, దానితో పప్పు, కూరలు చేరవలెననియు వాదించెను. ఇద్దరును అంకెలతోనే మాటలాడిరి. ఒకరు ఖజానా వైపునుండి కొలిచిరి. మరొకరు కూలివాని దేహము వైపునుండి కొలిచిరి. కొలతను ఎటునుండి మొదలిడుదుమో దానిపైననే మనుష్యుల ప్రాణములు ఆధారపడి యుండునని ఆ వివాదము తెలిపినది.

ఆ క్షామము పిదప స్ట్రాచీ అధ్యక్షతన ఏర్పడిన కరువు కమిషను 1880లో నివేదిక నిచ్చినది. 1883 మొదలు రాష్ట్రములకు కరువు నిబంధనావళులు వచ్చినవి. వానలు తప్పుట, ధాన్యపు ధరలు పెరుగుట, జనులు ఊళ్లు విడిచి తిరుగుట, దొంగతనములు హెచ్చుట వంటి చిహ్నములను గ్రామోద్యోగులు గమనించి పైవారికి తెలుపవలెను. అనుమానము కలిగినచోట తక్కువ కూలికి పరీక్షాపనులు తెరువవలెను. ఆ కూలికైనను జనులు మూగినచో కరువు నిజమని గ్రహించి పెద్ద పనులు, ఉచిత సహాయము ప్రారంభింపవలెను. ఇందులోని ముఖ్యగుణమును మనము మరువరాదు: ప్రతి చిహ్నమునకును ఒక చర్య ముందుగనే కట్టబడి యున్నది. లోపమును అంతే ముఖ్యమైనది. అధికారి కరువును ప్రకటించిననే యంత్రము కదలును. 1943లో బెంగాలున లక్షలకొలది జనులు మరణించుచున్నను అచ్చటి ప్రభుత్వము నిబంధనావళి ప్రకారము కరువును ప్రకటింపనే లేదు. మృతులు సుమారు 15 లక్షలని విచారణ సంఘము లెక్కించెను. తరువాతి పండితులు 30 లక్షల వరకు చెప్పిరి. కొలత యున్నను కదలిక లేనిచో ఫలమేమి?

ఇప్పుడు మన కాలపు సాధనములను చూతము. వీనిని దూరమునుండి దగ్గరకు వచ్చు క్రమమున పేర్చుకొన్నచో సులభముగా తెలియును. అన్నిటికంటె దూరమున నున్నది ఆకాశము. వర్షపాతము, ఉపగ్రహము తీయు పచ్చదనపు చిత్రములు పంట పోవుటను కొన్ని నెలల ముందుగనే సూచించును. రెండవది అంగడి. ధాన్యపు ధర పెరుగుట, మేకల ధర పడిపోవుట ఒకేసారి జరిగినచో పేదలు పశువుల నమ్ముకొని గింజలు కొనుచున్నారని అర్థము. దినకూలితో ఎన్ని కిలోల బియ్యము వచ్చునో వారము వారము వ్రాసియుంచినచో అదియే చక్కని కొలత. మూడవది ఇల్లు. నాలుగవది, అన్నిటికంటె దగ్గరిది, దేహము.

ఇంటిని కొలుచుటకు రెండు మార్గములు కలవు. వండినదానిని తూచుట, లేక గడచిన ఇరువదినాలుగు గంటలలో ఎవరేమి తినిరో అడిగి లెక్కించుట మొదటి మార్గము. 1918లో కూనూరున మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థయైనది. ఆ సంస్థ ఆధ్వర్యమున 1972లో నెలకొన్న జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగము 2015 వరకు పలు రాష్ట్రములలో ఇట్టి పరిశీలనలు జరిపినది. ఇది నిక్కమైన మార్గమే గాని శిక్షణయు, కాలమును ఎక్కువ కావలెను.

రెండవ మార్గము అనుభవమును అడుగుట. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014 నుండి అనేక దేశములలో ఎనిమిది ప్రశ్నల పట్టిక నొకదానిని వాడుచున్నది. గడచిన పండ్రెండు మాసములలో డబ్బు లేమిచే గాని ఇతర వనరుల లేమిచే గాని: తిండి చాలదేమోయని దిగులు పడితిరా? ఆరోగ్యమునకు తగిన బలమైన ఆహారము తినలేకపోతిరా? కొద్ది రకములతోనే సరిపెట్టుకొంటిరా? ఒక పూట మానవలసి వచ్చినదా? తినవలసిన దానికంటె తక్కువ తింటిరా? ఇంటిలో తిండి నిండుకొన్నదా? ఆకలి వేసినను తినకుంటిరా? దినమంతయు ఏమియు తినక గడపితిరా? ఈ క్రమమును గమనింపుడు. లేమి ఇంటిలోనికి వచ్చు తీరు నించుమించుగా ఇట్లే యుండును. మొదట దిగులు, పిదప కూరలు పప్పులు తగ్గుట, ఆ తరువాత పూటలు తగ్గుట, చివరకు పస్తు. ఎన్ని ప్రశ్నలకు అవునని వచ్చినదో దానిని బట్టి లేమి ఎంతవరకు ముదిరినదో తెలియును.

అడుగుట యందు నేర్పు కావలెను. తిండి లేదని పదిమందిలో చెప్పుకొనుట మానవతులకు ప్రాణసంకటము. ఇంటి యజమాని వీధి అరుగుమీద కూర్చుండి మాకేమి కొరతయని చెప్పును. లోపల కుండ కడిగి బోర్లించి యుండును. అందరికి పెట్టి చివర తిను గృహిణి నొంటరిగా అడిగినగాని నిజము తెలియదు. బిడ్డలకు చాలవలెనని తాను మానుకొన్న పూటను ఆమె పస్తుగా లెక్కింపదు, ఆకలి కాలేదనును. కనుక అడుగువారు ఆ ఊరి స్త్రీలై, ఆ పలుకుబడి తెలిసినవారై, విన్నదానిని బజారున చాటనివారై యుండవలెను. సహాయము వచ్చునని ఎక్కువ చెప్పువారును కొందరుందురు. అందుచేతనే ఇంటి మాటకు దేహపు కొలతను తోడుగా నుంచుదురు.

దేహపు కొలతకు రంగులు గల చిన్న టేపు చాలును. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డ యొక్క ఎడమచేతికి, భుజమునకును మోచేతికిని సరిగా నడుమ, దానిని చుట్టి చూడవలెను. 12.5 సెంటీమీటర్లు గాని అంతకు మించి గాని యున్న పచ్చరంగు. 11.5కును 12.5కును నడుమ పసుపు, జాగ్రత్త పడవలెను. 11.5కు తక్కువైనచో ఎరుపు. బిడ్డ ప్రాణము ప్రమాదములో నున్నదని గ్రహించి వెంటనే వైద్యమునకు పంపవలెను. చదువు రాని తల్లియు దీనిని నేర్చుకొనగలదు. కాని ఒక మాట: ఆకాశము ముందుగా హెచ్చరించును, దేహము చివరకు హెచ్చరించును. టేపు ఎరుపు చూపువరకు వేచియుండు ఏర్పాటు, ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వునట్టిది.

ఈ కొలతలను పటముపై నుంచిన కలుగు లాభమేమి? పట్టికలో ఒకదాని క్రింద ఒకటిగా నున్న అంకెలు పటమున ఇరుగు పొరుగులగును. ఒక గ్రామమును ఊహింతము. చౌకధరల దుకాణము ఊరి నడుమ నున్నది. అంగన్‌వాడీ దాని ప్రక్కనే. వాగు అవతల తండా. ఎరుపు చుక్కలు తండాలో గుమిగూడినవి. పట్టికను చూచినవాడు తండావారికి చైతన్యము లేదని తేల్చును. పటమును చూచినవాడు వాగును చూచును. వానకాలమున వాగు పొంగినపుడు బియ్యమును, బిడ్డల భోజనమును రెండును అవతలకు చేరుట లేదు. అప్పుడు కావలసినది ఉపన్యాసము కాదు. ఒక కాలిబాట వంతెన, లేదా వానలకు ముందే తండాలో నిలువయుంచిన ధాన్యము.

పటమును చదువుట యందును మోసపోవచ్చును. 400 ఇండ్లు గల అడవి పంచాయతీలో నూటికి 40 ఇండ్లకు కొరత యున్నదనుకొందము. అవి 160 ఇండ్లు. 4,000 ఇండ్లు గల పెద్ద ఊరిలో నూటికి 10 ఇండ్లకు కొరత. అవి 400 ఇండ్లు. రంగులు పూసిన పటమున అడవి పంచాయతీ విశాలముగా, ముదురుగా కనబడును. పెద్ద ఊరు లేతరంగు చుక్కగా మిగులును. తీవ్రత ఒకచోట, సంఖ్య మరొకచోట. మొదటిదానికి ఊరంతటికిని కలిపి చేయు పని కావలెను. రెండవదానికి ఇండ్లను వెదకి చేయు పని కావలెను. అందుచేత నూటికెంతయో రంగుతోను, ఇండ్లెన్నియో చుక్కలతోను రెండును చూపుట మంచిది. పటమునకు మాసముండవలెను. శ్రావణపు పటమును, పుష్యమాసపు పటమును ఒకటి కావు. వలస పోయినవారి మూసిన ఇండ్లను కూడ గుర్తింపవలెను. తాళము వేసిన తలుపు ప్రశ్నకు జవాబు చెప్పదు గాని, ఆ తాళమే ఒక జవాబు.

పటము కొరకు పెద్ద యంత్రములు కావలెనని అధైర్యపడ నక్కరలేదు. జహీరాబాదు ప్రాంతమున, నాటి మెదక్ జిల్లా పల్లెలలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమునగల స్త్రీల సంఘములు 1990 తరువాతి దశాబ్దమున చేసిన ప్రయత్నము ఇందుకు తార్కాణము. ఊరివారందరును కూడి, రంగుల పొడులతో నేలపై తమ గ్రామపటమును వేసికొనిరి. ఒక్కొక్క యింటిని గుర్తించి, ఆ యింటివారి లేమి ఏ మెట్టుపై నున్నదో తామే నిర్ణయించుకొనిరి. మెట్లు అయిదు. బీడుపడిన భూములను బాగుచేసి జొన్న పండించి, ఆ జొన్నలను ఊరిలోనే నిలువ చేసి, కొరత మాసములందు తక్కువ ధరకు పంచిరి. మిక్కిలి పేదయింటికి ఎక్కువ, కొంత కలిగిన యింటికి తక్కువ. బయటినుండి వచ్చిన జాబితాలో ఇంటికప్పు చూచి పేదరికమును నిర్ణయింతురు; ఊరివారు మాత్రము ఎవరి ఎద్దు చచ్చినదో, ఎవరి కొడుకు పట్నము పోయి డబ్బు పంపుట లేదో ఎరుగుదురు. నేలమీది పటము చెరిగిపోవును. కాని దానిపై కూర్చుండి చేసిన నిర్ణయము జొన్నగింజలై ఇంటికి చేరినది. కొలుచుటకును పెట్టుటకును నడుమ అచ్చట దూరము లేదు.

ఆ దూరమే ఎంత ప్రాణాంతకమో సోమాలియా దేశము చూపినది. 2004లో ఆ దేశముననే ఆహార లేమిని అయిదు దశలుగా విభజించు పద్ధతి పుట్టి, తరువాత అనేక దేశములకు వ్యాపించినది. అయిదవ దశ క్షామము. ఒక ప్రాంతమున నూటికి 20 కుటుంబములైనను తీవ్రముగా తిండి లేనివై, నూటికి 30 మంది పిల్లలైనను కృశించి, దినమునకు 10,000 మందిలో ఇద్దరైనను మరణించుచున్నగాని ఆ పేరు పెట్టరు. 2010 నుండియే హెచ్చరికలు వచ్చినను, 2011 జూలై 20వ తేదీన గాని క్షామ ప్రకటన వెలువడలేదు. 2010 అక్టోబరు మొదలు 2012 ఏప్రిల్ వరకు మృతులు సుమారు 2,60,000 మంది యని పిదప తేలినది. అందు సగమునకు మించి అయిదేండ్లలోపు బిడ్డలు. ప్రకటన వచ్చునాటికే వేలకొలది ప్రాణములు పోయినవి. అయిదవ దశను నిరూపించుటకు కావలసిన ఋజువు సమాధులే యగుచో, పని మొదలిడవలసినది మూడవ దశలో.

మన గ్రామములకును ఇదియే పాఠము. కొలతకు ముందే చర్యను వ్రాసికొనవలెను. దిగులు, కూరలు తగ్గుట అను మొదటి మెట్టు కనబడగానే పంచాయతీవారు కార్డుల జాబితాను విప్పి, పేరు లేనివారిని చేర్చుటకు పూనుకొనవలెను. 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద లబ్ధిదారుల సంఖ్య 2011 జనాభా లెక్కల ఆధారముగా నిర్ణయమైనది. తరువాత వేరుపడిన కుటుంబములు, క్రొత్తగా పుట్టిన బిడ్డలు జాబితా వెలుపల మిగులుట అసంభవము కాదు. పూటలు తగ్గుచున్న రెండవ మెట్టున ఊరిలోనే కూలిపనులు త్వరపెట్టవలెను. నిలువయున్న ధాన్యము బదులుగా నియ్యవలెను. పస్తు గాని, ఎరుపు టేపు గాని కనబడిన మూడవ మెట్టున ఆ దినముననే వండిన అన్నము ఆ యింటికి చేరవలెను. బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రమునకు చేర్పవలెను. ప్రతి మెట్టునకును ఒక మనిషి పేరు, ఒక గడువు వ్రాసి యుంచవలెను. ఎవరి పేరును లేని పని ఎవరును చేయరు.

పేదల పేర్లను గోడలపై వ్రాసి అవమానింప నవసరము లేదు. పటమున చుక్క చాలును; పేరు బాధ్యులయొద్ద భద్రముగా నుండవలెను. మరియు, ఒక తల్లిని పిలిచి నీవు నిన్న తింటివా యని అడిగి, విని, వ్రాసికొని, మరల ఆ గుమ్మము త్రొక్కకుండుట అన్యాయము. అడిగినవారు ఋణపడినవారే. మరుసటి మాసమున అదే యింటికి పోయి, అవే ఎనిమిది ప్రశ్నలు అడుగవలెను. అవునను జవాబులు తగ్గినచో మన పని సరియైనది. తగ్గనిచో మన పటము గాని, మన చర్య గాని తప్పినది. రెండింటిలో ఏది తప్పినదో ఆ గృహిణియే మనకు చెప్పగలదు.